గోలీలు మానకుండానే కొలువు: హనుమకొండలోని ఒక ఉపాధి శిక్షణ కేంద్రంపై సమీక్ష

స్కిజోఫ్రెనియా (లేని మాటలు వినిపించడం, అనుమానాలు), బైపోలార్ (కొన్నాళ్లు ఉన్మాదం, కొన్నాళ్లు కుంగుబాటు), తీవ్రమైన డిప్రెషన్‌లాంటి జబ్బులకు మందులు వాడుతూ కుదుటపడినవాళ్లకు పని నేర్పి, కొలువు చూపించి, కొలువులో చేరాక కూడా వెంట ఉండే కేంద్రం ఒకటి హనుమకొండలో నడుస్తోంది. దాని మంచీ చెడూ రెండూ రాస్తున్నాం. పైగా అక్కడికి వచ్చిపోయేవాళ్లను ఎవరూ గుర్తుపట్టకూడదు. అందుకే పేరు, వీధి రాయడం లేదు. పేరు లేకపోయినా నష్టం లేదు. వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు ఇలాంటి సేవ ఏది దొరికినా అందులో ఏం చూడాలో, ఏం అడగాలో దీన్ని బట్టి తెలుస్తుంది. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఇక్కడి శిక్షణ గదులు మామూలే. బయట దుకాణాల చుట్టూ తిరిగే ఇద్దరు ఉద్యోగుల పని మాత్రం చాలా గట్టిది. కేంద్రం విలువంతా వాళ్ల కాళ్లలోనే ఉంది.

చేరేముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఇది బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల బడి కాదు, తాగుడు మాన్పించే కేంద్రమూ కాదు. ఈ తేడా తెలియక కుటుంబాలు కాగితాల దగ్గరే తిప్పలు పడతాయి. ఉదాహరణకు నిరామయ ఆరోగ్య బీమా ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకే వర్తిస్తుంది. ఒక్క మానసిక వ్యాధి మాత్రమే ఉంటే రాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మాత్రం 21 వైకల్యాల్లో మానసిక వ్యాధిని కూడా చేర్చింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకిచ్చే 4 శాతంలో ఒక శాతం ఆటిజం, బుద్ధిమాంద్యం, నేర్చుకోవడంలో వైకల్యం, మానసిక వ్యాధి, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లందరికీ కలిపి పోతుంది. కేంద్రంలో కాగితాల పని చూసే ఆమెకు ఇవన్నీ నోటికి వచ్చు. అది పెద్ద ఊరట.

కేంద్రం పొద్దున పదింటికి తెరుస్తారు. తొమ్మిదికే తెరవమని కొందరు తల్లిదండ్రులు అడుగుతుంటారు గానీ పదింటికి తెరవడమే సరైంది. ఓలాన్‌జపైన్, క్వెటియాపైన్, క్లోజపైన్‌లాంటి గోలీలు రాత్రి వేసుకుంటే పొద్దున చాలాసేపటి దాకా మత్తు దిగదు. ఆ మత్తును బద్ధకం అనుకుని ఇంట్లోవాళ్లు తిడతారు, తిట్లు పడలేక మనిషి గోలీ మానేస్తాడు, అక్కడి నుంచి జబ్బు తిరగబెడుతుంది. మత్తు మరీ ఎక్కువగా ఉంటే ఇక్కడి సిబ్బంది గోలీ వేసుకునే వేళ గురించి డాక్టరును అడగమని చీటీ రాసి పంపుతారు. మందులో మాత్రం వాళ్లు వేలు పెట్టరు. అలాగే ఉండాలి.

శిక్షణ మూడు రకాలు: మిర్చి, పసుపు పొడుల ప్యాకింగ్, కుట్టు పని, కంప్యూటర్‌తో పాటు జిరాక్స్. ఎనుమాముల మార్కెట్ దగ్గర్లోనే ఉంది కాబట్టి మిర్చికి కొదవ లేదు. ప్యాకింగ్ బల్ల దగ్గర మంచి పనితనం కనిపిస్తుంది. కవరును కాటా మీద పెట్టి సున్నాకు తేవాలి. గరాటు పెట్టి, స్టీలు కొలతతో వంద గ్రాములకు కాస్త తక్కువగా పోయాలి. మిగతాది చెంచాతో సరిచేయాలి. కవరు మూతి లోపల పొడి గుడ్డతో తుడిచి, పైన రెండు వేళ్ల జాగా వదిలి సీలింగ్ మిషన్ నొక్కాలి. గరాటు ఊరికే పెట్టలేదు. మందుల వల్ల చేతులు వణికేవాళ్లు నేరుగా పోస్తే పొడి మూతికి అంటుకుంటుంది. ఆ పొడి సీలు గీత మీద ఉండిపోతే ప్లాస్టిక్ అతుక్కోదు, సంచిలో వేసిన మర్నాటికి కవరు విచ్చుకుంటుంది. వేడి ఎక్కువైతే గీత ముడతలు పడుతుంది, తక్కువైతే లాగగానే ఊడుతుంది. అందుకే పది కవర్లకు ఒకటి లాగి చూస్తారు. ఎక్కడ తప్పిందో మనిషి తానే కనిపెట్టగలిగేలా పనిని విడగొట్టడం అంటే ఇది. ఎవరో వచ్చి "మళ్లీ చెడగొట్టినవా" అనే అవసరమే రాదు.

జిరాక్స్ నేర్పే తీరు ఇంకా బాగుంది. స్కిజోఫ్రెనియాలో వినిపించే మాటలు, అనుమానాలు మందులతో తగ్గినా, ధ్యాస, జ్ఞాపకం, వరస తప్పకుండా చేయడం వెనకబడే ఉంటాయి. జిరాక్స్ దుకాణంలో ఇది ఒకేచోట బయటపడుతుంది: ఒరిజినల్ ఆధార్ కార్డు మిషన్ అద్దం మీదే ఉండిపోతుంది. గిరాకీ వెళ్లిపోయి, గంట తర్వాత వచ్చి గొడవ చేస్తాడు. ఇక్కడ దానికి చిన్న విరుగుడు పెట్టారు. మిషన్ మూత మీద ఆరు వరసల కార్డు అంటించారు. అందులో ఐదోది "ఒరిజినల్ చేతికి ఇవ్వు", ఆరోది "పైసలు తీసుకో". పైసలు తీసుకోవడం ఎవరూ మరిచిపోరు కాబట్టి దానికి ముందు ఒరిజినల్‌ను కట్టేశారు. కొలువులో చేరేటప్పుడు ఈ కార్డును లామినేట్ చేసి వెంట ఇచ్చి పంపుతారు. నయీంనగర్, నక్కలగుట్ట వైపు జిరాక్స్ దుకాణాల్లో మామూలు పనివాళ్లకు కూడా ఇది పనికొస్తుంది.

కుట్టు గది గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. గుడ్డ సంచుల తిన్నని కుట్టుతో మొదలుపెట్టి బడి యూనిఫారాల దాకా తీసుకెళ్తారు. మా ఫిర్యాదు నేర్పే తీరు మీద కాదు. వచ్చిన ఆడవాళ్లందరినీ ఏమీ అడగకుండానే ఆ గదికి పంపుతున్నారు. సూదిలో దారం ఎక్కించలేనంతగా చేతులు వణికే మనిషిని కుట్టు మిషన్ ముందు కూర్చోబెడితే ఆమె తనకేదీ రాదనే అనుకుంటుంది. మందుల దుకాణంలో అరలు సర్దడం, హాస్టల్ వంటగదిలో కూరగాయలు తరగడం, బట్టల షాపులో మడతపెట్టడం, ఇవన్నీ ఆడవాళ్లకు దొరికే పనులే. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి నర్సంపేట, పరకాల నుంచి రావడానికి ఛార్జీ అడ్డం కాదు. అడ్డమల్లా అడగకపోవడమే.

ఇంతకంటే పెద్ద లోపం మూడు నెలల నిబంధన. మూడు నెలల శిక్షణ పూర్తయ్యాకే కొలువు వెతుకుతామంటారు. వినడానికి సబబుగా ఉన్నా, ఈ రంగంలో ఎక్కువ పరీక్షకు నిలిచిన పద్ధతి దీనికి ఎదురుగా ఉంది. అమెరికాలో 1990ల్లో రాబర్ట్ డ్రేక్, డెబొరా బెకర్ రూపొందించిన ఇండివిడ్యువల్ ప్లేస్‌మెంట్ అండ్ సపోర్ట్ అనే పద్ధతిలో ముందు కొలువు, తర్వాత ఆ కొలువులోనే శిక్షణ. మనిషి పని చేస్తానన్న నెల లోపే యజమానులను కలవడం మొదలవుతుంది. కొలువు చూపించే ఒక్కో ఉద్యోగి చేతిలో ఇరవై మందికి మించి ఉండకూడదు. ఆరు యూరప్ నగరాల్లో జరిపిన పరీక్ష ఫలితాలు 2007లో ల్యాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఈ పద్ధతిలో దాదాపు 55 శాతం మంది కొలువు సంపాదిస్తే, ముందు శిక్షణ తర్వాత కొలువు అనే పాత పద్ధతిలో 28 శాతం మందే సంపాదించారు. గదిలో మూడు నెలలు మిర్చి పొడి నింపినవాడికి కిరాణం కౌంటర్ మీద గిరాకీతో మాట్లాడటం రాదు, అది కౌంటర్ మీదే వస్తుంది.

యూరప్ లెక్కలు మన దగ్గర ఉన్నవి ఉన్నట్టు సరిపోవు, నిజమే. అక్కడ కొలువంటే ఒప్పందం, జీతం చీటీ, పనిగంటలు. ఇక్కడ కిరాణం, బేకరీ, జిరాక్స్, కొత్తవాడలో జంపఖానాల మగ్గాలు, అన్న నడిపే సెల్ షాపు, ఇంటి ముందు పాల ప్యాకెట్లు. కుటుంబం చేసే పనిలో వాటా పనిని కూడా కొలువుగానే లెక్కపెట్టాలి, అయితే దానికీ చేతికి పైసలు రావాలి. "ఇంట్లోనే కదా, పైసలెందుకు" అన్నచోట అది కొలువు కాదు. ఈ తేడాను కేంద్రంవాళ్లు కుటుంబాలతో గట్టిగా మాట్లాడతారు. మూడు నెలలు ఎందుకు పెట్టారని అడిగితే, మొదటి రోజే పని మానేస్తే దుకాణాల దగ్గర తమ పేరు పోతుందంటారు. ఆ భయం అర్థమయ్యేదే. ఇష్టమున్నవాళ్లకు రెండో వారం నుంచే వెతకడం మొదలుపెడితే పోయే పేరు కంటే నిలిచే కొలువులే ఎక్కువని మా నమ్మకం.

ఇక బయట తిరిగే ఇద్దరి సంగతి. వాళ్లు దుకాణానికి వెళ్లి దయ అడగరు. మొదటిసారి వెళ్లినప్పుడు ఒక్కటే అడుగుతారు: "సేఠూ, మీ దగ్గర రోజూ వెనకబడిపోయే పని ఏది?" మూటలు విప్పి అరల్లో సర్దడమా, చీటీలు చూసి సామాను కట్టడమా, డెలివరీ పుస్తకం రాయడమా అని తెలుసుకుంటారు. రెండోసారి వెళ్లినప్పుడు ఆ పనికి సరిపోయే మనిషి పేరు చెబుతారు. యజమానికి ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు అనేది ముందే ఆ మనిషితో కూర్చుని తేల్చుకుంటారు. చాలామందికి సరిపోయే మాట ఇది: "ఒక ఆరోగ్య సమస్యకు గోలీలు వాడుతున్నడు. పొద్దున పదికి వస్తడు, నెలకోరోజు దవాఖానకు పోవాలె. పని ఒక్కోటిగా చెప్తె మంచిగ చేస్తడు." జబ్బు పేరు అందులో లేదు, ఉండాల్సిన పనీ లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం జబ్బు వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కు ఇచ్చింది.

యజమానులు అడిగే అసలు ప్రశ్న మాత్రం వేరే. "మనిషి మంచోడే గానీ, ఎప్పుడన్న ఏమన్న అయితే ఎవర్ని పిలవాలె?" దానికి వీళ్ల దగ్గర జవాబు ఉంది. తమ ఫోన్ నంబరు, ఇంటి నంబరు, రాత్రి వేళైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఒక చిన్న కార్డు మీద రాసి కౌంటర్ అద్దం కింద పెట్టి వస్తారు. టెలి మానస్ 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, డబ్బు కట్టనవసరం లేదు, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఉన్నాడన్న ధైర్యంతోనే సగం మంది సేఠులు ఒప్పుకుంటారు.

ఏ కొలువు వద్దో చెప్పడంలో కూడా వీళ్లకు తెలివిడి ఉంది. బైపోలార్ ఉన్నవాళ్లను రాత్రి డ్యూటీకి పంపరు, ఏటీఎం కాపలా అయినా సరే. నిద్ర తప్పితే ఉన్మాదం తిరగబెట్టడానికి అది చాలు. బైపోలార్‌కు ఇచ్చే లిథియం గోలీలు వాడేవాళ్లను ఎండాకాలంలో బేకరీ పొయ్యి దగ్గర, ఇటుక బట్టీలో, ఎండలో మూటలెత్తే పనిలో పెట్టరు. 40 డిగ్రీలు దాటే మే నెలలో చెమట పోయి, నీళ్లు సరిగా తాగకపోతే రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, తూలడం, మాట ముద్దగా రావడం దాని గుర్తులు. అవి కనిపిస్తే గోలీ ఆపి వెంటనే దవాఖానకు తీసుకెళ్లాలి. ఒళ్లు నొప్పులకు మందుల షాపులో కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా లిథియాన్ని పెంచుతాయి. కూలి పనికి పోయేవాళ్లకు ఈ ఒక్క మాట తప్పకుండా చెప్పాలి. ఇక్కడ చెబుతారు, కాగితం మీద రాసి కూడా ఇస్తారు. చేతులు బిగుసుకుపోకుండా ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ చెమట పట్టనివ్వదు కాబట్టి అది వాడేవాళ్లకూ వడదెబ్బ భయం ఎక్కువే.

మనిషి కొలువులో చేరిన మొదటి రెండు రోజులు కేంద్రం ఉద్యోగి కూడా దుకాణంలోనే ఉంటాడు, పక్కన కూర్చోకుండా కొంచెం దూరంలో. తర్వాత వారం రోజులు సాయంత్రం ఫోన్, ఆపైన వారానికోసారి మనిషిగా వెళ్లడం. ఫోన్‌లో అడిగేవి ఎప్పుడూ అవే: రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయినవు, గోలీ వేసుకున్నవా, ఈ రోజు ఎవరన్నా ఏమన్నా అన్నరా? ఆ మూడో ప్రశ్నే ముఖ్యం. పని రాక కొలువు పోయేవాళ్లు తక్కువ, మనుషుల మధ్య పొసగక పోయేవాళ్లు ఎక్కువ. పక్క పనివాడు నవ్వితే తనను చూసే నవ్వాడనుకోవడం, సేఠు గొంతు పెంచితే మర్నాడు రాకపోవడం, టీ తాగే వేళ ఎవరితోనూ కలవలేకపోవడం. వీటికి గదిలో నేర్పేదేమీ లేదు. ఆ సాయంత్రమే ఫోన్‌లో విడదీసి మాట్లాడాలి, అవసరమైతే మర్నాడు పొద్దున దుకాణానికి వెంట వెళ్లాలి.

దవాఖాన రోజు గురించి కూడా ముందే కుదుర్చుకుంటారు. ఓపీ పొద్దున పూట ఉంటుంది, డ్యూటీ కూడా పొద్దుననే. సెలవు అడగడానికి మొహమాటపడి ఒక నెల వెళ్లకపోతే మందులు అయిపోతాయి, రెండు వారాల్లో నిద్ర తగ్గుతుంది, ఆ తర్వాత కొలువే ఉండదు. క్లోజపైన్ మొదలుపెట్టినవాళ్లకు తెల్లరక్తకణాల పరీక్ష మొదటి 18 వారాలు వారం వారం తప్పదు. అలాంటివాళ్లను ఆ 18 వారాలూ సగం పూట పనిలోనే పెట్టడం మంచిది. ఈ లెక్క కేంద్రం ఇంకా సరిగా పట్టించుకోవడం లేదు.

పింఛన్ పోతుందన్న భయం చాలా ఇళ్లలో కొలువుకు అడ్డం పడుతుంది. తెలంగాణలో దివ్యాంగుల పింఛన్ నెలకు 4,016 రూపాయలు. మొదట్లో సగం పూట పనికి వచ్చేది అంతకు పెద్దగా మించదు, పైగా పని ఎన్నాళ్లుంటుందో తెలియదు. అందుకే చేరేముందే జీతం ఎంత, పింఛన్ షరతులేమిటి అని కుటుంబాన్ని కూర్చోబెట్టి కాగితం మీద లెక్క వేస్తారు. ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉన్న కంపెనీ అయితే మామూలు ఉద్యోగికి 21,000 జీతం దాకా, దివ్యాంగులకు 25,000 దాకా వర్తిస్తుందని కూడా చెబుతారు.

వైకల్య శాతాన్ని తేల్చే సదరం (2025 నుంచి తెలంగాణలో యూడీఐడీ) సర్టిఫికెట్ లేనివాళ్లకు వీళ్ల సాయం బాగుంది. మానసిక వ్యాధికి శాతాన్ని ఐడియాస్ అనే కొలమానంతో లెక్కిస్తారు. తన పని తాను చూసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పని చేయడం అనే నాలుగు విషయాలకు సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు, జబ్బు ఎన్నేళ్లుగా ఉందో దానికి మరికొన్ని. మొత్తం 20కి 7 వస్తే 40 శాతం. క్యాంపులో డాక్టరుకు దొరికేది కొద్ది నిమిషాలే. మనిషి తలవంచుకుని "అంతా మంచిగనే ఉంది" అంటే మార్కులు రావు. రెండేళ్ల మందుల చీటీలు, డిశ్చార్జి కాగితం, రోజూ ఇంట్లో చూసే మనిషి ఒకరు వెంట ఉండాలి. స్నానం ఎవరు గుర్తుచేస్తారు, పైసలు ఎవరి దగ్గర ఉంటాయి, పని ఎందుకు మానేశాడు, ఇవి చెప్పగలిగేది ఆ మనిషే. సర్టిఫికెట్ చాలాసార్లు తాత్కాలికంగా ఇస్తారు, గడువు తేదీ చూసుకుని ముందే స్లాట్ పెట్టుకోవాలి.

కల్లు తాగేవాళ్లను కేంద్రం చేర్చుకోదు. ఇది సరికాదు. మన వైపు కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్ కలుస్తాయి. 2015లో కల్తీ మీద దాడులు జరిగినప్పుడు ఒక్కసారిగా కల్లు ఆగిపోయి, ఫిట్స్‌తో, వింత ప్రవర్తనతో ఎంతోమంది దవాఖానల్లో చేరారు. అలాంటి మనిషికి "మానేసి రా" అని చెప్పి పంపడం ప్రమాదం. ముందు డాక్టరు దగ్గరకు పంపి, మెల్లగా తగ్గించుకుంటూనే చిన్న పని చూపించవచ్చు. పని దొరికితే తాగుడు తగ్గేవాళ్లు కూడా ఉంటారు.

మరో మూడు విషయాలు నిర్వాహకులు వెంటనే సరిచేయాలి. కేంద్రం బండి మీద "మానసిక రోగుల" అని పెద్ద అక్షరాలు ఉన్నాయి. ఆ బండిలో మనిషిని దుకాణం ముందు దింపితే, జబ్బు పేరు చెప్పకుండా అంత జాగ్రత్తగా మాట్లాడిన మాటలన్నీ బూడిదలో పోసినట్టే. బండి మీద ఆ అక్షరాలు చెరిపేస్తే చాలు, ఖర్చు కూడా ఏమీ లేదు. చేరే రోజు సంతకం పెట్టించే కట్టలో యజమానులతో వివరాలు పంచుకోవడానికి ఒకే ఒక్క ఒప్పుకోలు కాగితం ఉంది. అది ఏ యజమానికి, ఏ మాట వరకు అని విడివిడిగా ఉండాలి, వద్దంటే వెనక్కి తీసుకునే వీలుండాలి. మూడోది, ప్యాకింగ్‌కు కవరు లెక్కన ఇచ్చే రేటు గోడ మీద ఎక్కడా లేదు. శనివారం చేతికి వచ్చే పైసలు ఎందుకు తగ్గాయో తెలియకపోతే, అనుమానం జబ్బులో భాగమైన మనిషికి అది నిప్పు మీద నెయ్యి.

చేరడానికి ఫీజు లేదు. మధ్యాహ్నం అన్నం ఇంటి నుంచి తెచ్చుకోవాలి. మొదటి రోజు ఆధార్, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ, సదరం ఉంటే దాని జిరాక్స్, బ్యాంకు పాసుపుస్తకం తీసుకెళ్లండి. ఖాతా ఆ మనిషి పేరు మీదే ఉండాలి, ఏటీఎం కార్డు కూడా ఆ మనిషి దగ్గరే ఉండాలి. వెళ్లగానే శిక్షణ ఇంచార్జిని కాకుండా బయట తిరిగే ఇద్దరిలో ఒకరిని అడిగి కలవండి. మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం రెండింటి తర్వాత వాళ్లు కేంద్రంలో ఉంటారు. "మూడు నెలలు ఆగకుండా ఇప్పుడే వెతకడం మొదలుపెడతారా?" అని ఆ రోజే అడగండి. అడిగినవాళ్లకు కుదిరినంత వరకు ముందే చూపిస్తున్నారు.